రిలీజంటే

"నీళ్లు రిలీజ్ చేసేశామండీ," అన్నాడు కాలువ ఆఫీసు గుమస్తా. ఎప్పుడు ఫోన్ చేసినా అదే మాట.

"రిలీజంటే ఏటి బాబూ? మా మడిలోన సుక్క లేదు!"

"రిలీజంటే వదిలెయ్యడమండీ. మధ్యలో ఎవరో అడ్డేసుకుంటే మేమేం చేస్తాం?"

"ఆడెవడో సూత్తాను. పారతోటే మాటాడతాను," అని జనార్దనరావు సైకిలెక్కాడు. కాలువ గట్టు వెంట టెక్కలి వైపు తొక్కాడు.

దారిలో ఓ ఊరి దగ్గర కాలువకి అడ్డంగా ఇసుక బస్తాలు కనిపించాయి. వాటికి ఎగువన నిండా నీళ్లు, దిగువన ఎండిన బురద. ఇంకో బస్తా మోసుకొస్తున్నవాడు స్వయానా తన వియ్యంకుడు.

"ఎండన పడొచ్చినావేటి బావా? ఇంటికి పద."

వాకిట్లో కూతురు అమ్ములు కాళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లిచ్చింది. భుజం మీది పారని చూసి గొంతు తగ్గించింది.

"మా మావనేటీ అనకు నాన్నా. నాను ఈ ఇంటిలోనే బతకాల."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"ఏటయ్యింది? నీళ్లు వదిలినారా, లేదా?"

జనార్దనరావు పారని గోడకి ఆనించాడు.

"ఆళ్లు వదిలినారే. నానే వదిలేసినాను."