మూగబోయిన వాచీ

కాంట్రాక్టరుగారు వాచీని మెకానిక్ బల్ల మీద ఠపీమని పెట్టబోయి, దాని ఖరీదు గుర్తొచ్చి, మెల్లగా దించారు. గొంతు మాత్రం దించలేదు.

"ఇది మూడోసారి రావడం. ఎందుకు మోగదయ్యా ఇది?"

ఆయన దగ్గర ముప్పై ఏడు వాచీలున్నాయి. నలభై ఏళ్ళు కొండలు పేల్పించి, కంకర కొట్టించి సంపాదించిందంతా వాటికే ధారపోశారు. ఉత్త టైము చూపించేదాన్ని ఆయన వాచీ అననే అనరు. ఒకటి చంద్రుడి కళలు చూపించాలి. ఒకటి లీపు సంవత్సరాన్ని తనంతట తానే లెక్కగట్టుకోవాలి. ఇదైతే అన్నిటికీ మహారాణి. పక్కనున్న మీట నొక్కితే, లోపలి బుల్లి సుత్తులు సన్నటి ఉక్కు తీగల మీద కొట్టి గంటలు, పావుగంటలు, నిమిషాలు విడివిడిగా చెబుతాయి. అలా గంట కొట్టేది ఆయన దగ్గర ఇదొక్కటే.

మూడేళ్ళు బ్యాంకు లాకర్లో ఉండి ఈ మధ్యే బయటికొచ్చింది. ఎండిన నూనెతో నొక్కితే చక్రాలు అరిగిపోతాయి. ఆ మాత్రం తెలియని మనిషా ఆయన? నొక్కకుండానే తెచ్చి, శుభ్రం చేయమని ఇచ్చారు. తిరిగొచ్చిన వాచీ మూగదై వచ్చింది.

మెకానిక్ కంటికి అద్దం తగిలించుకుని వెనక మూత తీశాడు. మీట నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. తలెత్తి కాంట్రాక్టరుగారి మొహంలోకి ఒక్క క్షణం చూసి, చప్పున కళ్ళు దించుకున్నాడు.

అది చూసి కాంట్రాక్టరుగారికి ఒళ్ళు మండిపోయింది.

"సుత్తులు ఆడుతున్నాయి. వేలికి అదురు తెలుస్తూనే ఉంది. అదురుండి మోత లేదంటే ఏమిటర్థం? తీగలు మారాయి! అసలువి ఎవడికి అమ్ముకున్నావు?"

మెకానిక్ ఏదో అన్నాడు.

"నోట్లో నోట్లో గొణగకు. గట్టిగా చెప్పు!"

"సార్, ఒక్క మాట చెబుతాను, మీరు మరోలా అనుకోకపోతే..."

"నీ మాటలు నాకొద్దు. నాకే టోపీ పెడతావా? తప్పు నీదా, కాదా? అది చెప్పు చాలు."

మెకానిక్ వాచీ మూత తిరిగి బిగించాడు. ఈ బల్ల వేసుకున్న రోజు అతనికి మొదటి వాచీ తెచ్చిచ్చింది కాంట్రాక్టరుగారే. ముప్పై ఏళ్ళవుతోంది.

"నాదే అనుకోండి సార్," అన్నాడు చివరికి.

దొంగ దొరికాడు. దొరికాడన్న సంతోషం కాంట్రాక్టరుగారికి రవ్వంత కూడా లేదు. వాచీ జేబులో వేసుకుని ఇంటికొచ్చేశారు.

మర్నాడు పొద్దున్నే ఆయన తన గదిలో తలుపేసుకున్నారు. ఫ్యాను ఆపారు. కిటికీలు మూశారు. కూర్చుని నొక్కారు, నిలబడి నొక్కారు. కుడిచెవి దగ్గరా, ఎడమచెవి దగ్గరా పెట్టుకుని నొక్కారు. ఏమీ లేదు. గదిలో ఆ గోడకూ ఈ గోడకూ కాలుగాలిన పిల్లిలా తిరిగారు. మళ్ళీ వచ్చి నొక్కారు.

ఫోనులో వాచీలు సేకరించే వాళ్ళ గ్రూపు ఉంది. అరవైమంది. అందరూ ఈయన మాట మీదే ఆ మెకానిక్‌కు వాచీలు ఇస్తున్నారు. ఈయన ఒక్క ముక్క రాస్తే చాలు, అతని బల్ల మీదికి ఇక ఒక్క వాచీ కూడా రాదు. వేరే పని తెలియదు అతనికి. ఈ వయసులో నేర్చుకోనూలేడు.

రాశారు. చెరిపేశారు. మళ్ళీ రాశారు. 'ఆ మెకానిక్ దగ్గర మీ వాచీలుంటే వెంటనే తెచ్చేసుకోండి. నాదాంట్లో తీగలు మార్చాడు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు కూడా.'

పంపబోయి ఆగారు. పాపం, ఆఖరి అవకాశం ఇద్దామనుకున్నారు. వాచీని అరచేతిలో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, మీట నొక్కారు. సుత్తుల అదురు అరచేతికి తగిలింది. అంతే.

మెసేజీ పంపేశారు.

నిమిషం తిరక్కుండా జవాబులు వరసకట్టాయి. 'అమ్మ దొంగా!' అన్నారొకరు. 'నావి రెండున్నాయి, ఇప్పుడే బయల్దేరుతున్నా,' అన్నారింకొకరు. కాంట్రాక్టరుగారు ఫోను బోర్లించి, మనసు ఊరుకోక, మరోసారి మీట నొక్కారు.

తలుపు తోసుకుని, నెలల పాపను భుజాన వేసుకుని కోడలు వచ్చింది. ఆయన ఎదురుగా నిలబడి, ఎప్పటిలాగే గొంతు పెంచి అంది:

"మామయ్యగారూ, ఆ గంటలు కొట్టించడం ఇక ఆపండి, పక్కగదిలో పాప పొద్దుట్నుంచీ ఆ మోతకు ఉలిక్కిపడి లేస్తూనే ఉంది!"