తెర మీది చీటీ

తప్పులుంటే సర్దుకొని చదవండి. నాకు అక్షరాలు మా ఆయన పోయాక, యాభై ఏడో ఏట వచ్చాయి. చెయ్యి నిదానం. ఈ కాస్త రాయడానికే తొమ్మిది రోజులు పట్టింది. నేర్పిన మనిషి దిద్దడానికి ఇప్పుడు దగ్గర లేదు.

"వైరస్ ఏం లేదు సార్," అన్నాడు కంప్యూటర్లు బాగుచేసే సందీప్. లోపలి దుమ్మంతా ఊది, అప్‌డేట్లు పెట్టేసరికి గంట పట్టింది. "ఎవరో దర్జాగ పాస్‌వర్డ్ కొట్టి తెరిచిన్రు. ఆదివారం పొద్దుగాల, తొమ్మిది పదికి."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి పరీక్ష పేపర్లు తయారుచేసేది వెంకట్రావే, ఇంట్లో, ఈ కంప్యూటర్లోనే. సోమవారం పెట్టాల్సిన పేపర్ ఆదివారమే పిల్లల ఫోన్లలోకి ఎక్కింది.

"అప్పుడు నేను స్నానంలో ఉన్నాను. హాల్లో ట్యూషన్‌కొచ్చిన సెంటర్ పిల్లలున్నారు," అన్నాడు.

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"నాకు తప్ప ఎవరికీ తెలీదు."

సందీప్ తెర అంచుకు అంటించిన పసుపు చీటీ చూపించాడు. "మరి గిదేంది సార్?"

"మర్చిపోతానని రాసుకున్నా. మా ఊరి పేరు. తెలుగులో రాశాను కదా, భయం లేదు. పిల్లలందరూ ఇంగ్లీష్ మీడియం, ఒక్కడికీ తెలుగు చదవడం రాదు. ఏదీ, నువ్వు చదువు చూద్దాం."

సందీప్ చీటీని తేరిపార చూసి తల గోక్కున్నాడు. "పా... ఆ తర్వాత జర కష్టమే సార్."

"చూశావా మరి."

"అయితే ఇంట్ల తెలుగొచ్చినోళ్లు ఎవరున్నరు?"

ఆ గదిలోకి వచ్చేది ఇద్దరే. గదులు తుడిచే సైదమ్మ, టీ తెచ్చే వంటమనిషి స్వప్న. వెంకట్రావు ఇద్దరినీ పిలిచాడు.

"సైదమ్మది వేలిముద్ర. స్వప్నా, నువ్వు పది దాకా చదివావు కదూ?"

"చదివిన సార్. తెలుగు మీడియం."

"పిల్లలకి చదివి చెప్పింది నువ్వే."

"నాకేం అవసరం సార్? గా పొద్దున నేను వంటింట్ల పెసరట్లు పోస్తున్న. సైదక్క చూసింది, అడుగుండ్రి."

అందరూ సైదమ్మ వైపు తిరిగారు. ఆమె తడిగుడ్డ పిండుతూ బకెట్లోకే చూసింది. "నాకేం తెల్వది సారూ. నా పని నేను చేస్కుంటున్న."

స్వప్న ఆమె వైపు చాలాసేపు చూసింది. ఏదో అనబోయి ఆగింది.

"రేపటి నుంచి రావద్దు," అన్నాడు వెంకట్రావు.

"పాలు పొయ్యి మీదున్నయి, పొంగుతయి, చూస్కో అక్కా," అని స్వప్న చెప్పులు తొడుక్కొని, ఎల్‌బీ నగర్ వైపు షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

"చదువొచ్చినవాళ్లని ఇంట్లో పెట్టుకోవడమే నా తప్పు," అన్నాడు వెంకట్రావు. కొత్త పాస్‌వర్డ్ పెట్టించుకొని, దాన్నీ తెలుగులోనే రాసి అదే చోట అంటించాడు. సైదమ్మ ఆ చీటీ తడవకుండా తెర తుడిచింది.

ఆ ఆదివారం కూడా తెర తుడుస్తూ, స్వప్న వంటింట్లో రోజుకొకటి చొప్పున నేర్పిన అక్షరాలు కూడబలుక్కొని, బతుకులో మొదటిసారి ఒక మాట పైకి చదివాను: పా, ల, కొ, ల్లు. హాల్లో పిల్లలు "మళ్లీ చదువవ్వా" అంటే, మురిసిపోయి ఇంకా గట్టిగా చదివాను.

సైదమ్మ, అరవై ఏళ్లు, హయత్‌నగర్.