పోచన్నను ఆపిన పురుగు

పోచన్న ఎక్కాల్సిన విమానం అతను లేకుండానే వెళ్లిపోయింది. కారణం ఒక పురుగు.

అది ఆవగింజలో సగం కూడా లేదు. తోటల పనికని అమెరికా నుంచి తెప్పించిన ఎండుటాకుల బస్తాలు అబుదాబి పారిశ్రామికవాడ ఐకాడ్‌లోని కంపెనీ గోడౌన్‌లో దిగాయి. తనిఖీ కాకముందే ఒక బస్తా పిగిలింది. దాన్ని సర్దుతున్న పోచన్న మోచేతి మీదికి అది పాకింది. ఎవరూ చూడలేదు. దులిపేసుకుని ఊరుకున్నా సరిపోయేది. అతను దాన్ని జాగ్రత్తగా ఖాళీ మందు సీసాలో వేసి మేనేజర్ వేణుగోపాలరావుకు అప్పగించాడు.

అది 2021. ఎవరి నుంచి ఏది అంటుకుంటుందో అని అందరూ హడలిపోతున్న రోజులు. తనిఖీ అధికారి ఇనాయతుల్లా వచ్చి సీసాను దూరం నుంచే చూశాడు. పురుగు ఏ జాతిదో తేలేదాకా బస్తాలు గానీ, బస్తా ముట్టుకున్న మనిషి గానీ కదలకూడదన్నాడు. పోచన్నను క్యాంపులో విడిగా ఒక గదిలో ఉంచారు. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. కరోనా లేదని తేలింది. అయితే పురుగు సంగతి ఆ పుల్ల చెప్పదు కాబట్టి ఇంకో పద్నాలుగు రోజులు, అప్పటికీ తేలకపోతే తేలేదాకా ఉండమన్నారు.

మూడేళ్ల తర్వాత మొగుడు సెలవు మీద ఇల్లు చేరతాడని ఎదురుచూస్తున్న బాలవ్వ ఫోన్లో ఇదంతా విని ఒక్క ముక్క నమ్మలేదు. దుబాయ్‌లో ఇంకో సంసారం పెట్టుకుని నెపం పురుగు మీదికి నెడుతున్నాడని ఆమె అనుమానం. నిజంగా పురుగే అయితే దాని పేరేమిటో చెప్పమంది.

ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసేది వైదేహి. భర్త శశాంక్ ఉద్యోగం వెంట అబుదాబి వచ్చి, మూడేళ్లుగా అక్కడ గుమాస్తాగా ఉంటోంది. పోచన్న రోజూ ఆమెకే ఫోన్ చేసేవాడు.

"మేడం, గా పురుగుకు పేరు దొర్కిందా? పేరు జెప్పేదాంక మా ఇంటిది మాట్లాడనంటున్నది."

"ఇంకా లేదు పోచన్నా" అనేది వైదేహి. అని, ఫోన్ పెట్టేశాక చాలాసేపు పనిలో పడలేకపోయేది.

పేరు తేల్చే భారం వేణుగోపాలరావు మీద పడింది. అధికారులు పంపిన ఫారం పెంపుడు జంతువుల కోసం తయారుచేసింది. వచ్చిన దేశం, రంగు, వేయించిన టీకాలు నింపాలి. 'కుటుంబం' అన్న గడి దగ్గర ఆయన ఆగిపోయారు. దొరికింది ఒక్కటే గనుక బ్యాచిలర్ అని రాయమన్నారు. వైదేహి ఒక్క క్షణం ఆగి, అలాగే రాసింది. మర్నాడే ఫారం తిరిగొచ్చింది.

నాలుగు దేశాల నిపుణులకు ఉత్తరాలు వెళ్లాయి. ఒకాయన రిటైరయ్యారు. ఒకాయన అంగుళం కంటే చిన్నవి చూడనన్నారు. మూడో ఆయన ఫొటో చూసి, ఇలాంటివి రెండు జాతులున్నాయనీ, ఇది ఏదో తాను చెప్పలేననీ రాశారు. నాలుగో చోటు నుంచి జవాబే లేదు.

ఇరవై మూడో రోజున కంపెనీ పెద్ద, అరబ్బు ముదీర్, ఖలాస్, ఇక చాలు అన్నాడు. వారంలో నిపుణుడి రిపోర్టు రాకపోతే బస్తాలు తగలబెట్టక తప్పదట. ఆ నష్టానికి పోచన్నను బాధ్యుణ్ణి చేసి వీసా రద్దు చేయిస్తాడట.

వేణుగోపాలరావు తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించారు.

"ఇంక మనమే రాసేద్దాం అమ్మా. ఈ పురుగుల మీద రాసినవాళ్ల పేరొకటి పట్టుకుని, వాళ్లు రాసినట్టే రాసి సంతకం పెట్టెయ్."

వైదేహి కుర్చీ వెనక్కి జరుపుకుంది. తర్వాత ఎవరైనా నిలదీస్తే తన ఉద్యోగం పోతుందని మాత్రం అంది. అదంతా తాను చూసుకుంటానన్నారాయన.

ఆ మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా మూత తీయలేదు. ఇంటర్నెట్ తెరవలేదు. ఎక్కడి నుంచో భూతద్దం తెప్పించుకుని సీసాలోకి ఒకసారి చూసి, నాలుగు పేజీలు గబగబా టైపు చేసింది. ఇన్నాళ్లూ రెండు జాతులుగా లెక్కవేసినవి నిజానికి ఒకటేననీ, ఒకటి ఆడ, ఇంకోటి మగ అనీ రాసింది. సీసాలో ఉన్నది ఆడది. తూర్పు అమెరికాలో అయిదు రాష్ట్రాల అడవుల్లో, తడిసిన ఆకుల కింద మాత్రమే ఉంటుంది. బూజు తిని బతుకుతుంది. ఇక్కడి ఎండలో ఒక్క పూట నిలవదు. మనుషులకు అంటుకోదు. కింద సంతకం, డాక్టర్ వి. ఇవటూరి.

వేణుగోపాలరావు చదివి బిత్తరపోయారు.

"ఒక్క పూటలో ఇన్ని అబద్ధాలు ఎలా తోచాయమ్మా నీకు? ఈ ఇవటూరి ఎవరు, తెలుగాయనా?"

"ఆయన కాదు సార్, ఆవిడ."

"ఆవిడకి తెలిస్తే?"

"ఏమీ అనుకోదు సార్."

అధికారులు ఆ రిపోర్టును అమెరికాలోని ఒక మ్యూజియానికి పంపారు. జవాబు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ వేణుగోపాలరావు బీపీ మాత్ర రెండు పూటలా వేసుకున్నారు. చివరికి ప్రతి మాటా సరైనదేనని వచ్చింది. సంతకం కూడా తమ దగ్గర దాచిన ఆవిడ పాత పరిశోధన పత్రాల మీది సంతకంతో సరిపోయిందని రాశారు.

బస్తాలు విడుదలయ్యాయి. పోచన్న ఎయిర్‌పోర్టు నుంచి రిపోర్టులో ఉన్న రెండు ముక్కల లాటిన్ పేరు కూడబలుక్కుంటూ బాలవ్వకు చదివి వినిపించాడు. ఆడపురుగని విని ఆమె మళ్లీ కాస్త అనుమానపడింది గానీ, రమ్మంది.

వేణుగోపాలరావుకు మాత్రం భయం పోలేదు. అంత అచ్చుగుద్దినట్టు దొంగ సంతకం పెట్టగల మనిషి తన పక్క గదిలోనే ఉంది. ఆ రోజు నుంచి తన సంతకమున్న కాగితమేదీ ఆమె బల్ల మీద వదల్లేదు.

వైదేహి ఆ కంపెనీకి ఇచ్చిన దొంగ కాగితం ఒకటే: పెద్ద చదువు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వడం లేదని, పెళ్లికి ముందు పురుగుల మీద పరిశోధన చేసిన డాక్టర్ వి. ఇవటూరి తానేనన్న సంగతి దాచి, బీకాంతో ఆపేశానని రాసిచ్చిన మూడేళ్ల కిందటి దరఖాస్తు.