కొనుక్కున్న చెవుడు

"ఈ పల్చటిది తీసుకో అబ్బాయ్. పాటా వినపడుద్ది, పక్కనోళ్ళు పిలిస్తే అదీ వినపడుద్ది," అన్నాడు అబ్దుల్ ఖాదర్.

గుంటూరు బస్టాండు ఎదురుగా టేప్‌రికార్డర్ల కొట్టు ఆయనది. ఓ మూల టీవీకి తగిలించిన వీడియో గేమ్ కూడా ఉంది.

"పక్కనోళ్ళు పిలిస్తే మనకెందుకు సాయిబుగారూ? ఆ పెద్దది ఇవ్వండి," అన్నాడు పేరయ్య.

చెవుల్ని డిప్పల్లా మూసేసే హెడ్‌ఫోన్ అది. ముందు టీవీకి తగిలించి ఓ ఆట ఆడి చూశాడు. తెర మీద తుపాకీ పేలితే గుండెల్లో పేలినట్టుంది.

తర్వాత తన వాక్‌మన్‌కి తగిలించి క్యాసెట్టు పెట్టాడు.

అందులో పాడేవాళ్ళెవరూ లేరు. గుంటూరు ఆర్కెస్ట్రా ఒకటి చేసిన డిస్కో బాణీలు, అంతా ఎలక్ట్రానిక్ కీబోర్డే. వందసార్లు విన్న బాణీలోనే ఇప్పుడు ఎడమచెయ్యి వేరు, కుడిచెయ్యి వేరుగా వినిపించాయి.

"ఇదే!" అని అరిచాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడికి తన గొంతూ వినపడదు మరి.

పేరయ్యది దర్శి. తండ్రి పంపిన మిరప బస్తాలు యార్డులో దింపడానికి వచ్చాడు కానీ, మనసు మిరప మీద ఏనాడూ లేదు. చర్చిలో వాయించే స్నేహితుడు ఆదాం దగ్గర కీబోర్డు నేర్చుకున్నాడు. ఆదాం ఉద్యోగానికి వెళ్ళిపోయాక తాకడానికి కీబోర్డు మెట్లే కరువయ్యాయి.

"సొంత కీబోర్డు తెచ్చుకో, రేపే చేర్చుకుంటాం," అన్నారు దర్శి ఆర్కెస్ట్రావాళ్ళు.

రెండేళ్ళయినా ఆ రేపు రాలేదు. కొనే తాహతు లేక, చెక్క మీద సుద్దముక్కతో మెట్లు గీసుకుని వాయించుకునే విద్వాంసుడు మనవాడు.

బస్సులో కిటికీ సీటు దొరికింది. పక్కన ఓ పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. మాసిన పంచె, మెడలో తువ్వాలు, ఒళ్ళో పాత దుప్పటి చుట్టి పురికొసతో కట్టిన పొడుగాటి మూట. దాని కొస పేరయ్య మోకాల్లో పొడుచుకుంటోంది.

"కాస్త అవతల పెట్టుకో పెద్దాయనా!" అని విసుక్కుని, హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

బస్సు రొద పోయింది. బేరాలాడుకునే ఆడవాళ్ళూ, ఏడ్చే చంటిపిల్లా, అందరూ మూగవాళ్ళయిపోయారు. పేరయ్య వేళ్ళు వాటంతటవే మోకాళ్ళ మీద ఆడసాగాయి.

చిలకలూరిపేట దాటాక పెద్దాయన పేరయ్య భుజం తట్టాడు.

పేరయ్య కళ్ళు తెరిచి చూస్తే, తన ఒళ్ళో ఉన్న క్యాసెట్టు డబ్బాను పెద్దాయన వేలితో నిమురుతున్నాడు. డబ్బా మీద కీబోర్డు బొమ్మ, దాన్ని వాయిస్తున్న రెండు చేతులు. మొహం లేదు. పెద్దాయన ఏదో అంటూ తన చెవి చూపించుకున్నాడు.

'వినాలని సరదా కాబోలు. ఇవాళే కొన్నది, ఆ చెమట చెవులకా!' అనుకున్నాడు పేరయ్య. డబ్బా లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

పెద్దాయన ఏమీ అనుకున్నట్టు లేదు. పేరయ్య వేళ్ళ వంకే చాలాసేపు చూశాడు. మళ్ళీ భుజం తట్టి, ఆ వేళ్ళు చూపించి, మూట మీద చెయ్యి వేసి ఇంకేదో అడిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరప ఘాటు అనుకున్నాడు పేరయ్య.

తల అడ్డంగా ఊపాడు. ఏమడిగాడో తెలియదు. ఏదడిగినా అదే జవాబు.

మార్టూరులో పెద్దాయన మూట ఎత్తుకుని దిగిపోయాడు. పేరయ్య హాయిగా కాళ్ళు చాపుకున్నాడు.

దర్శిలో దిగబోతుంటే కండక్టరు అంకమ్మరావు చెయ్యి అడ్డం పెట్టాడు. పేరయ్య హెడ్‌ఫోన్ మెడలోకి దించాడు.

"ఏందయ్యా, ఊరికే ఇస్తానంటే వద్దన్నావంట?"

"ఏందండీ?"

"ఆ పెద్దాయన మూట. అందులో కీబోర్డంట గదా."

"కీబోర్డా?"

"నీ వేళ్ళు ఆడటం చూశాడంట. 'వాయించటం వచ్చా నాయనా? వస్తే ఇది నువ్వే తీసుకో' అంటే, రాదని తలూపావంట. దిగేముందు నాతో చెప్పుకున్నాడు."

పేరయ్య మెట్టు మీంచి వెనక్కి బస్సులోకి వచ్చాడు.

"ఊరికే ఎందుకిస్తాడండీ?"

"కొడుకుదంట. పోయిన నెల లారీ గుద్ది పోయాడంట పాపం. ఆ వస్తువు తీసుకుపొమ్మని గుంటూరు నుంచి కబురొస్తే వెళ్ళాడు. ఇంటికి తీసుకెళ్తే తల్లి చూసి తట్టుకోలేదని, ఎవరన్నా వాయించే పిల్లాడి చేతిలో పెడదామనుకున్నాడు."

రెండేళ్ళుగా కలవరించిన కీబోర్డు తనంతట తాను వచ్చి మోకాలికి తగిలితే, అవతల పెట్టుకోమన్నాడు. తన చెప్పుతో తానే కొట్టుకోవాలనిపించింది పేరయ్యకి.

"రేపు పొద్దున్నే మార్టూరు పోతానండీ. ఊరూరూ తిరిగైనా ఆయన్ని పట్టుకుంటా. కాళ్ళ మీద పడతా. వాయించటం వచ్చని చెప్తా."

అంకమ్మరావు టిక్కెట్ల సంచి భుజానికి సర్దుకున్నాడు.

"పో, చెప్పు. ఆ మనిషి ఇస్తాడు కూడా. కానీ అబ్బాయ్, అంతకుముందు ఇంకోటి అడిగాడంట గదా. దానికేం చెప్తావు?"

"ఏమడిగాడండీ?"

"నీ పాటల డబ్బా చూసి, 'ఆ చేతులు మావాడివి నాయనా. మా ఇంట్లో వినే మిషను లేదు. ఒక్కసారి నా చెవిన పెట్టు' అన్నాడంట."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఖాళీ బస్సులో, పేరయ్య మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్‌లోంచి, పెద్దాయన కొడుకు సన్నగా ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.