మాస్టారి బలహీనత

"మీ బలహీనత ఏమిటి?"

మాస్టారు హుషారుగా కుర్చీలో ముందుకు జరిగారు. ఈ ప్రశ్నకు జవాబు ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు.

"ఒక పని పట్టుకుంటే పూర్తయ్యేదాకా వదలను మేడమ్. ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. అదే నా బలహీనత."

బల్లకు అవతల కూర్చున్న మేడమ్ పక్కనున్న మేనేజర్ వైపు చూసింది. మేనేజర్ కాగితం మీద ఒక గీత గీశాడు.

"తొమ్మిది," అన్నాడు.

"తొమ్మిదేమిటి సార్?"

"పొద్దుట్నుంచి ఈ జవాబు చెప్పినవాళ్ళు. అందరి ఇళ్ళలోనూ విసుక్కుంటూనే ఉన్నారు పాపం! ఎవడు నేర్పుతున్నాడండీ ఇవన్నీ?"

మాస్టారికి చెమటలు పట్టాయి. ఆ ఎవడో తనే మరి! పద్నాలుగేళ్ళు మేడ మీద గదిలో కూర్చోబెట్టి, ఇంటర్వ్యూ జవాబులు వల్లె వేయించి, ఊళ్ళో వాళ్ళందరికీ ఒకే బలహీనత అంటగట్టిన ఘనుడు. పోయిన నెలే ఆ గది కాస్తా మూతపడింది. 'ఇంతమందికి ఉద్యోగాలు తెప్పించారు, మీకు రాకుండా పోతుందా?' అని పొద్దున ధీమాగా సాగనంపింది భార్య. ఇది రాకపోతే ఆవిడకు మొహం చూపించేదెలా?

"ఏమోనండీ," అన్నారు మాస్టారు. "వాడెవడో బొత్తిగా బుర్రలేనివాడై ఉంటాడు."

"సరే, వాడి సంగతి వదిలెయ్యండి," అంది మేడమ్. "నిజం చెప్పండి. మీ బలహీనత ఏమిటి?"

మాస్టారు నోరు తెరిచారు. మాట రాలేదు. మూసి మళ్ళీ తెరిచారు. వంద ప్రశ్నలకు జవాబులు రాసిన మనిషికి తన గురించి ఒక్క ముక్క తోచి చావలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"బట్టీపట్టిన జవాబు లేకపోతే నాకు నోరు పెగలదు మేడమ్," అన్నారు చివరికి. "నా గురించి నాకే తెలీదు. అదే నా బలహీనత."

మేనేజర్ పెన్ను కింద పెట్టేశాడు. మేడమ్ మొదటిసారి నవ్వింది.

"బయట కూర్చోండి. సాయంత్రం చెబుతాం."

మాస్టారు గాల్లో తేలుతూ బయటికొచ్చారు. ఉద్యోగం వచ్చేసినట్టే! వరండాలో ఇంకా లోపలికి వెళ్ళాల్సింది ఒక్కతే మిగిలింది. ఎవరా అని చూస్తే, క్లాసులో ఏనాడూ ఒక్క జవాబు తిన్నగా అప్పజెప్పని వెనకబెంచీ అమ్మాయి.

"అయ్యో సార్, మీరూ వచ్చారా!" అంటూ లేచి నిలబడింది. "బలహీనత జవాబు మళ్ళీ మర్చిపోయాను సార్. ఒక్కసారి చెప్పరూ?"

"అది మాత్రం చెప్పకు తల్లీ, కొంప మునుగుతుంది! కొత్తది చెబుతా, విను." మాస్టారు మంచి ఊపు మీదున్నారు. "'బట్టీపట్టిన జవాబు లేకపోతే నాకు నోరు పెగలదు. నా గురించి నాకే తెలీదు. అదే నా బలహీనత.' ఏదీ, అను."

అంది.

"రైలు తప్పిపోతున్నట్టు ఏమిటా పరుగు? మధ్యలో కాస్త ఆగాలి. తల దించుకోవాలి. ఇంకోసారి."

నాలుగోసారికి పొల్లు పోకుండా చెప్పింది. "భేష్!" అని మురిసిపోయి, దగ్గరుండి లోపలికి పంపారు మాస్టారు.

సాయంత్రం మేడమ్ బయటికొచ్చి నియామక పత్రం తీసుకెళ్ళి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. మాస్టారు ఉన్నపళాన లేచి వెళ్ళి అడ్డంగా నిలబడ్డారు.

"అన్యాయం మేడమ్! ఆ అమ్మాయి చెప్పిందే కదా నేనూ చెప్పాను? మాటకు మాట అదే కదా?"

"అదేనండీ, కాదనను," అంది మేడమ్ జాలిగా. "కాకపోతే ఆ అమ్మాయి మనసులోంచి చెప్పింది. మీకు మాత్రం ఎవరో నేర్పి పంపించినట్టుంది."