ఐస్‌క్రీం మాగింది

"అఫొగాటో, నాన్నగారూ!" వంటింట్లోంచి కేకేశాడు మురళీకృష్ణ.

"ఆ ఫొటోనా?" అంటూ మామిడికాయల షావుకారు వీరభద్రరావు కోటు తొడుక్కుని, మీసం దువ్వి, కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు.

తీరా వచ్చింది కెమెరా కాదు, గాజుకప్పు. బొంబాయి హోటల్లో పని నేర్చుకొచ్చిన కొడుకు, మర తిప్పి తీసిన ఐస్‌క్రీం ముద్ద మీద డికాషన్ పోసి తెచ్చాడు.

"ఇటలీ వాళ్ల తిండి. మీకు నచ్చితే నూజివీడులో కొట్టు పెట్టుకోనిస్తానన్నారు."

వీరభద్రరావు చెంచా ముట్టలేదు. అలవాటుగా బొటనవేలితో ముద్దని నొక్కి చూశాడు.

"గట్టిగా ఉందిరా. పచ్చికాయ."

"అది అలాగే ఉండాలండీ!"

"నాకు చెబుతావా? నలభై ఏళ్లుగా నొక్కుతున్నాను," అంటూ కప్పుని తీసుకెళ్లి వసారాలో కాయలు మాగేసిన గడ్డిలో దూర్చాడు.

గడ్డిలో ఐస్‌క్రీమూ, గడపలో కొడుకూ పోటీపడి కరిగిపోయారు.

కాసేపటికి షావుకారు మళ్లీ నొక్కాడు. వేలు అడుగుకంటా దిగింది.

"ఇదీ మాగడమంటే!" కప్పెత్తి, చిన్నరసం మామిడిపండు జుర్రినట్టు జుర్రేశాడు. మీసానికి ఐస్‌క్రీం అంటింది, మొహం వెలిగింది. "కొట్టు పెట్టుకో. పచ్చివి అమ్మావంటే మాత్రం ఊరుకోను!"

అప్పుడే పట్టుచీర కట్టుకుని, పూలు ముడుచుకుని షావుకారు భార్య కామేశ్వరి పరుగున వచ్చింది. "ఫొటో తీసేశారా?"

అది ఫొటో కాదనీ, అఫొగాటో అనీ, అంటే కాఫీలో ముంచిన ఐస్‌క్రీం అనీ, దాన్ని నాన్నగారు గడ్డిలో మాగేశారనీ మురళీకృష్ణ ఇద్దరికీ విడమరిచి చెప్పాడు.

"మరి నాకేదిరా?"

"ఒక్కరికే చేశానమ్మా."

కామేశ్వరి భర్త మీసం వంక చూసింది. "అయితే ఇంకోటి మాగెయ్యండి."