ఆదివారం బరువు

మాత గుట్టకు నూట ఇరవై మెట్లు. ఏప్రిల్‌లో, అరవై ఎనిమిది కేజీల ఇసుక మూట వీపున వేసుకుని, సెబాస్టియన్ పంతొమ్మిదో మెట్టు దగ్గరే కూలబడ్డాడు.

అరవై నాలుగేళ్ల మనిషి. బంగారు గనులు మూసేసేదాకా భూమి అడుగున దుంగలు మోసిన వీపు అది. ఇప్పుడు మాట వినడం లేదు.

ఇంటికొచ్చి కొడుకు ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"సెప్టెంబరు ఎనిమిదికి మాత పండగ. వీపున మోసుకొని గుట్టెక్కతానని మొక్కుకున్నాను. ఎక్కలేకపోతే ఇంగ నేను బతికి ఏం లాభం?"

కొడుకు ఆస్టిన్ జిమ్ మాస్టరు. రాబర్ట్‌సన్‌పేటలో సగం మంది కుర్రాళ్ల కండలు అతని చేతి చలవే. జనవరి నుంచి జిమ్‌కు పోకుండా ఇంట్లోనే ఉంటున్నాడు. కిటికీ పక్కన మంచం, చేతిలో ఫోను, మంచం కింద జిమ్ నుంచి తెచ్చుకున్న బరువు చూసే మిషను.

"ఏం తింటా ఉండావు డాడీ?"

"ముద్ద. రాగిముద్ద తిన్నోడు కొండనైనా పిండి కొడతాడు."

"ముద్ద కడుపు నింపుతాది. కండకు ప్రోటీన్ కావాల. నీ వయసులో కండ దానంతటది కరిగిపోతాది. ఊరికే తింటే కండ రాదు, తినకుండా మోస్తే ఉండేది కూడా పోతాది. రెండూ కావాల."

ఆ రోజు నుంచి కొడుకు చెప్పిందే వేదం. పొద్దున్నే నాలుగు గుడ్లు. మధ్యాహ్నం ముద్దలోకి ఉలవల సారు, సారు ఒక్కటే కాదు, ఉలవలు కూడా. సాయంత్రం పెసల మొలకలు. కుర్చీలో కూర్చుని లేవడం ముప్పై సార్లు. ఆలిస్ కొడుక్కి పెట్టిన గుడ్లు కూడా మొగుడి పళ్లెంలోకే చేరేవి.

"నాకొద్దు డాడీ, నువ్వు తిను. మూట మాత్రం మెల్లిగా దించు. ధబీమని పడెయ్యొద్దు, నడుం పట్టేస్తాది."

వీధి ఊరుకుంటుందా? ముసలోడికి దసరా పండగని నవ్వుకుంది. కిరాణా కొట్టు నంజుండప్ప తన తూకం మీద ఇసుక మూట తూచిన ప్రతిసారీ "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అనేవాడు.

మూట ఎంత ఉండాలో ఆస్టినే చెప్పేవాడు. ఆదివారం ఆదివారం ఒక అంకె. మే నెలలో అరవై ఒకటి. సెబాస్టియన్ నలభై మెట్లెక్కాడు. జూన్ ఆఖరుకి యాభై ఐదు. ఎనభై మెట్లెక్కాడు.

నంజుండప్పకు అంతుపట్టలేదు.

"ఏమప్పా సెబాస్టియన్, బలం వచ్చేకొద్దీ బరువు పెంచాల గదా. మీరేంది తగ్గిస్తా ఉండారు? మాతకే టోపీ పెడతా ఉండారా?"

సెబాస్టియన్ మూట మూతి బిగించి కట్టాడు. మూటలోంచి తీసేసిన ఇసుకను పారబొయ్యడానికి చేతులు రాలేదు. కవర్లో కట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

ఆగస్టు ఆఖరి ఆదివారం వచ్చింది.

"నలభై మూడు" అన్నాడు ఆస్టిన్.

"వద్దు నాయనా. అరవై ఎనిమిదే చెప్పు. మోస్తాను. ఇప్పుడు మోయగలను."

"నలభై మూడే డాడీ."

ఆ రోజు నూట ఇరవై మెట్లూ ఎక్కడా ఆగకుండా ఎక్కేశాడు. పైన మాత గుడి గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. చూసినవాళ్లు సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడనుకున్నారు.

పండగ రోజు తెల్లవారింది. గుట్ట మీద గంటలు మోగుతున్నాయి. నంజుండప్పకు కూడా ముచ్చటేసిందేమో, ఖాళీ సంచి పట్టుకుని తనే ఇంటి ముందుకొచ్చాడు.

"ఈ పొద్దు ఎంత పోయాలప్పా?"

"ఈ పొద్దు మూట వద్దప్పా" అన్నాడు సెబాస్టియన్.

ఆలిస్ గుమ్మం దగ్గర పరదా పక్కకు తీసి పట్టుకుంది.

సెబాస్టియన్ లోపలికెళ్లి, మంచానికి వీపు తిప్పి మోకాళ్ల మీద కూర్చుని, ఆదివారం ఆదివారం ఆ మిషను మీద తన బరువే చూసుకుని అంకె చెబుతూ వచ్చిన కొడుకుని, ముప్పై తొమ్మిది కేజీల ఆస్టిన్‌ని, మెల్లిగా వీపుకెత్తుకున్నాడు.